అమ్మ అంటే గర్భసంచేనా?

మన మ్యూజియాల్లో పాతకాలపు మట్టిబొమ్మలు పెట్టిన అద్దాల బీరువా దగ్గర ఒక్కసారి ఆగి చూడండి. ఆడబొమ్మ ఏదైనా సరే, పక్కన చీటీ ఒకటే ఉంటుంది: ‘మదర్ గాడెస్. టెర్రకోట. శాతవాహనుల కాలం.’ తెలుగులో రాసే ఓపిక ఎవరికైనా ఉంటే ‘అమ్మతల్లి’. కొప్పు చుట్టుకున్న బొమ్మ అమ్మతల్లి. కడియాలు తొడుక్కున్న బొమ్మ అమ్మతల్లి. తల విరిగి మొండెం మిగిలిన బొమ్మ మరీ అమ్మతల్లి. అదే బీరువాలో మగబొమ్మ ఉంటే దానికి రకరకాల గుర్తింపులు: యక్షుడు, రౌతు, సైనికుడు, భక్తుడు. మగవాడికి వృత్తి ఉంది, హోదా ఉంది. ఆడదానికి గర్భం ఉంది. రెండు వేల ఏళ్ళ నాటి మట్టిని చదవడానికి మన పండితులకు ఈ ఒక్క అక్షరమే వచ్చినట్టుంది.

ఒక మ్యూజియంలో ఒక ఉద్యోగిని అడిగాను, ఈ బొమ్మ దేవత అని ఎట్లా తెలిసింది, అందులోనూ తల్లి అని ఎట్లా తెలిసింది అని. ఆయన విసుక్కోలేదు, చాలా మర్యాదగానే చెప్పాడు. ‘బట్టల్లేని ఆడబొమ్మ దొరికితే అట్లాగే రాస్తాం మేడం, రిజిస్టర్లో ఆ గడే ఉంది.’ ఈ వ్యాసం ఆ గడి గురించి.

మాది బోయినపల్లి. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా, 2016 అక్టోబర్ దాకా కరీంనగర్ జిల్లా. ఆ పాత కరీంనగర్ జిల్లాలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది, ధూళికట్ట ఉంది, పెద్దబంకూరు ఉంది. శాతవాహనుల చరిత్ర తెలంగాణ నేల మీదే మొదలైందని గర్వంగా చెప్పుకోవడానికి మనకు ఆధారం కోటిలింగాల నాణేలే. గోబద, నారన, కంవాయ, సమగోప, సిముక - ప్రతి రాజు పేరూ ఆ నాణేల మీద చదువుకున్నాం. ఒక్కొక్క పేరు మీద పుస్తకాలు రాశాం, వాదులాడుకున్నాం, రాష్ట్ర సాధన ఉద్యమంలో కూడా ఆ పేర్లు వాడుకున్నాం. మంచిదే. కానీ ఆ కాలపు ఊళ్ళ మట్టిలో నాణేలతో పాటు దొరికిన ఆడబొమ్మల మీద అందులో పదో వంతు ఆలోచన కూడా పెట్టలేదు. రాజుకు పేరు, బొమ్మకు గడి.

‘అమ్మ’ అనే మాటతోనే మొదలుపెడదాం. ఎందుకంటే మోసమంతా ఆ అనువాదంలో ఉంది. మా ఊరిలో పోచమ్మ ఉంది, ఎల్లమ్మ ఉంది, మైసమ్మ ఉంది. అదే ఊర్లో మల్లమ్మ, లచ్చమ్మ, రాజమ్మ, కనకమ్మ కూడా ఉన్నారు. లచ్చమ్మ పేరు చివర ‘అమ్మ’ ఉంది కాబట్టి ఆమె సంతాన సాఫల్య చిహ్నమని ఎవరైనా అంటారా? తెలుగులో ‘అమ్మ’ ఆడమనిషికిచ్చే మర్యాద. చిన్నపిల్లను కూడా ‘ఏమ్మా’ అంటాం. భయపడితే ‘అమ్మో’ అంటాం. ఒంటి మీద పొక్కులొస్తే ‘అమ్మవారు పోసింది’ అంటాం. ఈ మాటలో గౌరవం ఉంది, భయం ఉంది, దూరం ఉంది, చనువూ ఉంది. వలస పాలకుల కాలపు పండితులు దీన్ని ‘మదర్’ అని తర్జుమా చేసుకున్నారు. ఆ ‘మదర్’ను మనవాళ్ళు మళ్ళీ ‘మాతృదేవత’ అని తెలుగులోకి తెచ్చుకున్నారు. పోయిన మాట వేరు, తిరిగొచ్చిన మాట వేరు. మధ్యలో లచ్చమ్మ మాయమై గర్భసంచి మిగిలింది.

పోనీ, ఈ ఊరి దేవతలు చేసే పనేమిటో చూద్దాం. పోచమ్మ మశూచి నుంచి, గత్తర నుంచి ఊరిని కాపాడుతుంది. కట్టమైసమ్మ చెరువు కట్ట తెగకుండా చూస్తుంది. ఎల్లమ్మ గౌడులకు తాటిచెట్టు మీద తోడుంటుంది. ఊరి పొలిమేర, చెరువు తూము, రోగం, కల్లు - ఇవీ వాళ్ళ శాఖలు. నేటి మాటల్లో చెప్పాలంటే ఆరోగ్య శాఖ, నీటిపారుదల శాఖ, రక్షణ శాఖ. మగదేవుళ్ళకు ఇవే పనులుంటే శాస్త్రజ్ఞులు ‘క్షేత్రపాలకుడు’, ‘గ్రామ రక్షకుడు’ అని రాసేవాళ్ళు. ఆడవాళ్ళు కాబట్టి ‘ఫెర్టిలిటీ కల్ట్’ అన్నారు. మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. పోచమ్మ మాత్రం పోలేదు. ఇప్పటికీ బోనమెత్తుతున్నారు. అంటే ఆమె ఒక రోగానికి గుర్తు కూడా కాదు. ఊరికి ఏ ఆపదొచ్చినా అడగడానికి ఆడవాళ్ళకు ఒక గడప కావాలి. ఆమె ఆ గడప.

మా మేనత్తకు పిల్లలు కాలేదు. బతుకంతా బీడీలు చేసింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇండ్లల్లో చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళను చూసినవారికి ఆ బతుకు గురించి వివరించనక్కర్లేదు. ఆమెను గొడ్రాలన్నారు, శుభకార్యాల్లో వెనక్కి నెట్టారు. కానీ పోచమ్మ బోనాల నాడు ఎవ్వరూ వెనక్కి నెట్టలేదు. ముందు వరసలో ఆమె కుండే ఉండేది. ‘పిల్లల కోసం మొక్కుకున్నవా అత్తా’ అని ఒకసారి అడిగాను. ఆమె నవ్వి, ‘పోచమ్మకే పిల్లలు లేరు గద బిడ్డా, నాకేడికెల్లి ఇస్తది?’ అంది. మరి ఏం మొక్కేది? తునికాకు మంచిది రావాలని, టేకేదారు బీడీలు తీసి పారెయ్యకుండ ఉండాలని, కండ్లు సల్లగుండాలని. ఈ ఒక్క మాటతో ఆమె వంద ఏళ్ళ పాండిత్యాన్ని పక్కకు పెట్టింది. సంతాన దేవత సిద్ధాంతంలో మా మేనత్తకు చోటు లేదు. ఆమె చేతిలో కుండకు మాత్రం పోచమ్మ దగ్గర చోటుంది. ఏది నమ్మాలి మనం?

ఇక అసలు గొడవకు వస్తాను. మోకాళ్ళు రెండు పక్కలకు మడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి, తల ఉండాల్సిన చోట తామరపువ్వు ఉన్న స్త్రీ బొమ్మ. దక్కన్ అంతటా దొరుకుతుంది. 1940ల మొదట్లో హైదరాబాద్ రాజ్యపు పురావస్తు శాఖ కొండాపూర్‌లో తవ్వితే తెల్లమట్టితో అచ్చుపోసిన సన్నని బొమ్మలెన్నో బయటపడ్డాయి. వాటిలో ఈ రకమూ ఉంది. ఇటు మహారాష్ట్రలో తేర్, నేవాసా, భోకర్దన్‌లలోనూ ఉంది. ఈమెకు ఇవాళ లోకమంతా పెట్టుకున్న పేరు ‘లజ్జాగౌరి’. సిగ్గుపడే గౌరి! బొమ్మలో సిగ్గు ఎక్కడుంది? చూసేవాడి కంట్లో ఉంది. 1956లో స్టెల్లా క్రామ్రిష్ ఈమెను రుగ్వేదంలోని అదితి ఉత్తానపాద అంది. ఊరి మట్టికి వేదం జంధ్యం వేసింది. 1960లో హెచ్.డి. సంకాలియా రాసిన వ్యాసం పేరులోనే ‘నగ్న దేవత లేక సిగ్గులేని స్త్రీ’ అని ఉంది. ఒకరు సిగ్గుపడుతోందన్నారు, ఒకరు సిగ్గులేదన్నారు. ఇద్దరికీ ఆమెతో పేచీ సిగ్గు దగ్గరే. ఆడదాని శరీరం కనబడగానే సిగ్గు ఉందా లేదా అని లెక్క తేల్చే అలవాటు మన వీధి అరుగుల మీద ఉన్నట్టే పరిశోధనా పత్రికల్లోనూ ఉంది.

1992లో కేరల్ రాడ్‌క్లిఫ్ బోలన్ ఈ బొమ్మలన్నిటినీ పోగేసి వరసలు పేర్చింది. ఆమె చెప్పిన మొదటి వరస బొమ్మలు చూస్తే మన ఊరి ఆడవాళ్ళకు ఎవరూ వ్యాఖ్యానం చెప్పనక్కర్లేదు. అక్కడ మొండెం నిండు కుండ. మూతి దగ్గర పువ్వు. చేతుల్లేవు, రొమ్ములు లేవు. కుండకు కాళ్ళొచ్చినట్టుంటుంది. పూర్ణకుంభం మనిషిగా మారుతున్న దశ అది. రొమ్ములు, చేతులు, చివరికి మనిషి తల - ఇవన్నీ తర్వాతి వరసల్లో వస్తాయి. ‘తలలేని దేవత’ అని మనం అనే మాటే తప్పు. ఆమెకు తల నరికినవాడు లేడు. కుండ మీద పువ్వు పెట్టినవాళ్ళున్నారు. బోనం కుండ మీద వేపమండ, దీపం పెట్టే చేతులు ఈ బొమ్మను చూస్తే ముందుగా గుర్తుపట్టేది కుండనే. కుండ అంటే నీళ్ళు, గింజలు, వండిన అన్నం, దాచుకున్న పైస. ఇంట్లో ఆడవాళ్ళ చేతి కింద ఉండే సంపద అంతా కుండలోనే ఉంది. దాన్ని గర్భంగా మాత్రమే చదవడం వంటింటికి ఎన్నడూ పోనివాళ్ళ చదువు.

తల నరికిన కథ తర్వాత వచ్చి ఈమెకు అతుక్కుంది. మరాఠీలో ఆర్.సి. ఢేరే 1978లో రాసిన ‘లజ్జాగౌరి’లో ఈమెను రేణుక ఎల్లమ్మతో, పుట్టతో కలిపి చూపాడు. ఆలంపూర్‌లో ఈ మూర్తిని రేణుక మొండెమనే చెప్పుకుంటారు, పిల్లల కోసం మొక్కుతారు. బైండ్లవాళ్ళు జమిడిక వాయిస్తూ మా వైపు చెప్పే ఎల్లమ్మ కథ మీకందరికీ తెలిసిందే. మొగుడికి అనుమానం, కొడుక్కు గొడ్డలి, తల్లికి చావు, పక్కనున్న మాదిగ స్త్రీకి కూడా చావు, ఆ పైన తలలు తారుమారు. ఈ కథలో తల్లితనం ఆమెకు ఏం ఇచ్చింది? కన్న కొడుకే నరికాడు. కులం ఏం చేసింది? ఏ నేరమూ లేని మాదిగామె మెడ కూడా తీసుకుంది. మాతృత్వం మహిమ అని ఈ కథను చెప్పేవాళ్ళకు దండం పెట్టాలి. ఇది మాతృత్వం మీద నమ్మకం పెట్టుకోవద్దని చెప్పే కథ.

ఈ దేవతకు సంబంధించి ఒక స్త్రీ తన పేరు చెప్పుకున్న ఆధారం మనకు ఒకటుంది. నాగార్జునకొండలో దొరికిన సున్నపురాతి శిల్పం మీద ప్రాకృతంలో చెక్కిన శాసనం. 3వ శతాబ్దపు ఇక్ష్వాకు రాజు ఎహువుల శాంతమూలుడి భార్య, మహాదేవి ఖండువుల, ఈ మూర్తిని చేయించింది. తనను తాను ఎట్లా చెప్పుకుంది? అవిధవ, జీవపుత్ర అని. మొగుడు బతికి ఉన్నాడు, కొడుకులు బతికి ఉన్నారు అని. ఈ రెండు మాటలు చదివి ‘చూశారా, సంతాన దేవతే’ అని పండితులు నిశ్చింతగా పుస్తకం మూశారు. నాకు నిశ్చింత లేదు. రాణి అయివుండి కూడా తన గుర్తింపును మొగుడి ప్రాణానికి, కొడుకుల ప్రాణానికి కట్టుకోవలసివచ్చిన స్త్రీ మాట అది. వాళ్ళు పోతే ఆ రెండు బిరుదులూ పోతాయి. అందులో భక్తి కంటే నాకు భయం ఎక్కువ వినపడుతుంది. ఆ భయాన్ని ఆ దేవత స్వభావమని రాయడం అన్యాయం. అది ఆ సమాజ స్వభావం.

ఇంతవరకు నేను తిట్టింది పాత పండితులను. మనవాళ్ళను వదలదలచుకోలేదు. కోశాంబి 1962లో ‘మిథ్ అండ్ రియాలిటీ’లో కూడళ్ళ దగ్గరి అమ్మదేవతల వెంట కాలినడకన తిరిగి మనకు కొత్త దారి చూపాడు. దేవీప్రసాద్ చటోపాధ్యాయ 1959 ‘లోకాయత’లో వ్యవసాయాన్నీ ఆడదాని శరీరాన్నీ కలిపి చదివాడు. ఇద్దరికీ రుణపడి ఉన్నాం. అయితే ఆ చదువులో కూడా ఆడది పొలం, నేల, విత్తనం పడే చోటు. దున్నేవాడు, ఆలోచించేవాడు వేరే. ఆ తర్వాత స్త్రీవాదం వచ్చింది. మారియా గింబుటాస్ పాత యూరప్ అంతా ఒక మహాదేవి పాలనలో శాంతిగా ఉందంటే, మనలో చాలామందిమి సంబరపడ్డాం. ఒకప్పుడు మనమే ఏలినామన్న ఊహ తియ్యగా ఉంటుంది. కానీ 1968 నాటికే పీటర్ ఉకో ప్రాచీన బొమ్మల్లో ఆటబొమ్మలు ఉండవచ్చు, మంత్రతంత్రాలకు వాడినవి ఉండవచ్చు, అన్నిటినీ ఒకే దేవతకు కట్టవద్దని హెచ్చరించాడు. లిన్ మెస్కెల్ లాంటి స్త్రీవాద పురావస్తు శాస్త్రవేత్తలు 1990లలో ఈ మహాదేవి కథను గట్టిగా నిలదీశారు. ఆడవాళ్ళందరినీ ఒక్క గర్భంలో కలిపేసే సిద్ధాంతం పురుషుడు రాసినా, మనం రాసినా ఒకటే. పోస్టర్ మీద లజ్జాగౌరిని వేసి కింద ‘స్త్రీశక్తి’ అని రాస్తే మ్యూజియం చీటీకి రంగు మారిందంతే.

పైగా ఈ శక్తి పేరుతో మా జిల్లాల్లో ఏం జరిగిందో మరిచిపోవద్దు. ఎల్లమ్మకూ పోచమ్మకూ ఇచ్చామని చెప్పి దళిత బాలికలను జోగినులుగా మార్చి ఊరిలో పెత్తందార్లు వాడుకున్నారు. దాన్ని నిషేధించడానికి 1988లో చట్టం చేయవలసివచ్చింది. దేవతను పొగడడానికీ ఆడపిల్లను కాపాడడానికీ సంబంధం లేదని అంతకంటే రుజువేం కావాలి?

ఒకసారి మన నేల దాటి చూద్దాం. మెక్సికోలో వెరాక్రూజ్ తీరం. 1971లో ఎల్ జపోతాల్ అనే చోట మట్టితో చేసిన పెద్ద పెద్ద స్త్రీమూర్తులు తవ్వకాల్లో బయటపడ్డాయి. కొన్ని దాదాపు మనిషెత్తు. కండ్లు మూసుకుని, నోరు తెరిచి, నడుముకు పాములను కట్టుకుని ఉంటారు. సుమారు 6 నుంచి 9 శతాబ్దాల నాటివి. చాలాకాలం వీటిని టొటొనాక్ శిల్పాలన్నారు. 1519లో స్పానిష్‌వాళ్ళు దిగేనాటికి అక్కడున్న జనం టొటొనాకులు కాబట్టి వెనకటి వందల ఏళ్ళకు కూడా ఆ పేరే పెట్టేశారు. ఇప్పటి పండితులు చాలామంది ఆ పేరు వాడడానికి సందేహిస్తారు. పేరు పెట్టే అధికారం ఎవరిదన్న పేచీ అక్కడా ఉందన్నమాట.

ఈ స్త్రీలను సివాతెతెవో అంటారు, దివ్యస్త్రీలు అని అర్థం. కాన్పులో చనిపోయిన ఆడవాళ్ళు. 16వ శతాబ్దంలో సహగున్ అనే సన్యాసి నమోదు చేసిన ఆజ్టెక్ నమ్మకాల ప్రకారం, కాన్పు ఒక యుద్ధం, అందులో చనిపోయినామె యుద్ధంలో చనిపోయిన వీరుడితో సమానం. నడినెత్తి నుంచి పడమటి దాకా సూర్యుడిని మోసుకుపోయేది వీళ్ళే. ఆమె శవం వేలు, వెంట్రుకలు దొరికితే యుద్ధంలో గెలుస్తామని పడుచు సైనికులు దొంగిలించబోతే మంత్రసానులు డాళ్ళు పట్టుకుని కాపలా కాసేవాళ్ళు. అదే స్త్రీలు కొన్ని రోజుల్లో కూడళ్ళకు దిగి పిల్లలకు జబ్బులు తెస్తారని భయపడేవాళ్ళు కూడా. ఇది స్త్రీలకు స్వర్గమైన సమాజమని నేననను. యుద్ధాన్ని గొప్ప చేసే రాజ్యం కాన్పును కూడా యుద్ధం చేసింది. కానీ ఒక్క సంగతి చూడండి. అక్కడ దేవత అయినామె కన్న తల్లి కాదు, కనలేక చనిపోయినామె. ఆ మట్టి కాన్పును ముచ్చటగా చూపలేదు. అందులో చావుందని ఒప్పుకుంది. మన చీటీలు ఆ మాట ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఆ మాట ఇవాళ మన లెక్కల్లో ఎట్లా ఉందో చెప్తాను. 2018-20 లెక్కల ప్రకారం తెలంగాణలో లక్ష కాన్పులకు 43 మంది తల్లులు చనిపోతున్నారు. దేశం సగటు 97 కాబట్టి మనం సంతోషపడాలట. మంచిదే, ఆ తగ్గింపు వెనక ఆశా కార్యకర్తల, నర్సుల కష్టముంది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు కడుపు కోసి చేసినవే, రాష్ట్రాలన్నిటిలో ఎక్కువ. అంతకుముందు 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. గర్భాన్ని దేవత చేశామని చెప్పుకునే నేల మీదే ముప్పై ఏళ్ళు నిండని కూలి ఆడవాళ్ళు ‘పెద్దాపరేషన్’ అయ్యి నడుం పట్టుకుని కూర్చున్నారు. పిల్లలు పుట్టేదాకా గర్భం పూజ్యం, పుట్టాక తీసి పారేసే సంచి. స్త్రీ అంటే గర్భం అన్న సిద్ధాంతానికీ, పని అయిపోయింది తీసేద్దాం అన్న వైద్యానికీ మూలం ఒకటేనని నేనంటాను. ఆ చీటీ అమాయకమైనది కాదు.

మరి ఆడవాళ్ళు తమంతట తాము చేసుకునే మట్టిదేవత లేదా? ఉంది. బొడ్డెమ్మ. భాద్రపదంలో, బతుకమ్మకు ముందు, పెండ్లికాని పిల్లలు పుట్టమన్ను తెచ్చి అంతస్తులుగా గద్దె కట్టి, పూలు పేర్చి, చుట్టూ తిరిగి ఆడుకుని, తొమ్మిదో నాడు నీళ్ళలో కలుపుతారు. దానికి రొమ్ముల్లేవు, తొడల్లేవు, ముఖం లేదు. చేసేవాళ్ళు తల్లులు కారు. కుమ్మరి సారె అక్కర్లేదు. మా వైపు సారె తిప్పేది మగవాళ్ళే, మన్ను పిసికేదీ తడిపేదీ ఆడవాళ్ళు. బొడ్డెమ్మకు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఆడపిల్లల చేతులే. దాన్ని కాల్చరు కాబట్టి వెయ్యేళ్ళ తర్వాత ఏ తవ్వకంలోనూ దొరకదు. కాలిన మట్టి మ్యూజియం చేరుతుంది, పచ్చిమట్టి చెరువులో కలుస్తుంది. దొరికినదాన్ని బట్టి మాత్రమే స్త్రీల దైవాన్ని నిర్ణయిస్తే, ఆడవాళ్ళు చేసినదంతా లెక్కలోకి రాదు.

నాగార్జునసాగర్ నీళ్ళు వస్తాయని తెలిసి 1954 నుంచి ఆ లోయనంతా తవ్వి, శిల్పాలను కొండ మీదికి చేర్చారు. ఖండువుల శాసనాన్ని మనం ఇవాళ చదవగలుగుతున్నది అందుకే. మా బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర మధ్యమానేరు కట్టారు. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి నీళ్ళలోకి పోయాయి. జనం పునరావాస కాలనీలకు పోయారు. రాతి శిల్పం కోసం పదవీకాలాలు ఖర్చుపెట్టిన శాస్త్రం, ఊరి పోచమ్మ గడప దగ్గర ఎవరు ఏం అడిగేవాళ్ళో, ఏ కుండ ఎవరి చేతిలో ఉండేదో రాసుకోవడానికి ఒక్క నోటుబుక్కు ఖర్చు పెట్టాలి కదా. ఆ ముసలమ్మలు ఇంకా ఉన్నారు. కాలనీల్లో ఉన్నారు. వాళ్ళను అడిగే పని విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనది.

నా డిమాండ్లు పెద్దవేం కావు. చీటీ మీద ‘మదర్ గాడెస్’ కొట్టేసి ‘స్త్రీ బొమ్మ’ అని రాయండి. ఏ చోట దొరికింది, ఇంట్లోనా, బావిలోనా, గుడిలోనా రాయండి. అచ్చుపోసిందా, చేత్తో చేసిందా రాయండి. విరిగితే ఎక్కడ విరిగిందో రాయండి. దేవత అనడానికి రుజువుంటే దేవత అనండి, తల్లి అనడానికి ఒళ్ళో బిడ్డ ఉంటే తల్లి అనండి. కవిత్వం రాసే మనం కూడా ‘భూమాత’ అని, ‘సృష్టికర్త్రి’ అని కలం దులిపేముందు, పిల్లల్లేని మేనత్త ఆ పద్యంలో ఎక్కడ నిలబడుతుందో ఒకసారి చూసుకోవాలి. ఆమెకు చోటులేని దేవత మనకు అక్కర్లేదు.